కౌలు నుంచి భరోసా వరకు: పెనుకొండ సీమలో రైతుకు రాజ్యమిచ్చిన సొమ్ము – దాని మాటలు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలకు ‘సబ్సిడీ’ అనే ఇంగ్లీషు మాటతో 1800లోనే సంబంధం ఏర్పడింది. అయితే ఆ సంబంధంలో రైతుకు డబ్బు ఇచ్చిన ప్రసక్తి లేదు. హైదరాబాదు నిజాం తన రాజ్యంలో ఈస్టిండియా కుంఫిణీ సైన్యాన్ని నిలుపుకొన్నందుకు కుంఫిణీకి చెల్లించవలసిన సొమ్మును ఆనాటి ఒడంబడికలు సబ్సిడీ అన్నాయి. 1800 అక్టోబరు 12న జరిగిన ఒడంబడికలో నిజాం ఆ సొమ్ముకు బదులుగా, మైసూరు యుద్ధాల తర్వాత 1792లోను 1799లోను తనకు దక్కిన భూభాగాన్ని కుంఫిణీకి వదులుకున్నాడు. ‘దత్తమండలాలు’ అనే పేరు ఆ విధంగా వచ్చింది. ఆ పేరులోని చిన్నతనం సహించలేక 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు ‘రాయలసీమ’ అన్న పేరును ప్రతిపాదించిన సంగతి సాహిత్య విద్యార్థులందరికీ తెలిసిందే. కాని దత్తం దేనికి బదులుగా జరిగిందన్న విషయం అంతగా చర్చకు రాదు. ఒక సబ్సిడీ కింద ఈ నేలనే చెల్లించారు. అదే నేల మీద నేడు సబ్సిడీ అంటే ప్రభుత్వం రైతుకు చెల్లించేది.

ఈ రెండు అర్థాల నడుమ ఉన్న రెండు శతాబ్దాల పైచిలుకు కాలంలో రాజ్యం రైతుకు ఏదో ఒక రూపంలో సహాయం చేస్తూనే వచ్చింది. మాన్యం, దశబంధం, కౌలు, వజా, తక్కావి, రాయితీ, మాఫీ, పరిహారం, భరోసా అని ఆ సహాయానికి ఎన్నో పేర్లు. ఆర్థిక చరిత్రకారులు వీటిని మొత్తాలుగా, శాతాలుగా పరిశీలించారు. మాటలుగా పరిశీలించవలసిన పని భాషా సాహిత్య విద్యార్థులది. రైతుకు సర్కారు సొమ్ము ఇవ్వడం స్వాతంత్ర్యానంతరం పుట్టిన కొత్త దయ అన్న అభిప్రాయం పత్రికల్లోను, పరిశోధనల్లోను కూడా తరచుగా కనిపిస్తుంది. ఈ సీమ మాటల చరిత్ర దాన్ని బలపరచదు. ఇవ్వడం పాతదే. మారింది ఇచ్చే సొమ్ము దేనిని చూసి ఇస్తారన్న విషయం. పూర్వం ఒక పనిని చూసి, అంటే చెరువు కట్టినందుకు, బీడు దున్నినందుకు, బావి తవ్వినందుకు ఇచ్చేవారు. క్రమంగా అది కాగితం మీద ఉన్న పేరును చూసి ఇచ్చేదిగా మారింది. ఆ మార్పులో ఎవరు లోపలికి వచ్చారు, ఎవరు బయట మిగిలారు అన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న.

తీసుకోకుండా ఇవ్వడం

పెనుకొండ విజయనగర సామ్రాజ్యంలో ప్రధాన దుర్గాలలో ఒకటి. 1565 తర్వాత రాజధానీ అయింది. ఆ రాజ్యపు ఆలోచన తెలియడానికి ‘ఆముక్తమాల్యద’ నాలుగో ఆశ్వాసంలోని రాజనీతి ఘట్టాన్ని మించిన తెలుగు ఆధారం లేదు. దేశం చిన్నదైనా కుంటలు, కాలువలు ఏర్పరచి, పేదకు అరిలోను కోరులోను సడలింపు ఇచ్చి నిలబెడితే అర్థమూ ధర్మమూ రెండూ పెరుగుతాయని కృష్ణదేవరాయలు అక్కడ చెబుతాడు. అరి నగదుగా కట్టే పన్ను. కోరు పంటలో రాజు భాగం. ఈ మాటల్లో రాజు రైతుకు ఎదురు డబ్బు ఇచ్చే ఊహ లేదు. తాను తీసుకునే దానిలో కొంత తీసుకోకపోవడమే ఇవ్వడం. కష్టకాలంలో ఊరు విడిచిపోయిన ప్రజను తిరిగి పిలవక, వారు వదిలిన పశువులను, గింజలను అమ్ముకొనే అధికారి ఉన్న రాజ్యం బాగుపడదని కూడా అదే ఘట్టంలో ఉంది. ఈ హెచ్చరిక వెనుక ఆనాటి వాస్తవం స్పష్టంగానే కనబడుతుంది. నేల ఎక్కువ, మనిషి తక్కువ. రైతు లేచిపోగలడు. లేచిపోతే రాజుకు నష్టం.

చెరువుల విషయంలో ఇదే సూత్రం దశబంధంగా రూపం కట్టింది. చెరువునో బావినో తన ఖర్చుతో కట్టించినవారికి, లేదా తెగిన కట్టను బాగుచేయించినవారికి, ఆ నీటి కింద పారే భూమిలో కొంత భాగాన్ని పన్ను లేకుండానో తక్కువ పన్నుతోనో వదలడమే దశబంధం. పేరులో ఉన్నది పదో వంతు. ఆచరణలో ఊరికొక లెక్క. చిత్రావతి మీది బుక్కపట్నం చెరువు, ధర్మవరం చెరువు వంటి పెద్ద కట్టలు రాజుల పేరుతోను, సామంతుల పేరుతోను ప్రసిద్ధమయ్యాయి. కాని ఈ సీమను బతికించినవి వాటి చుట్టూ గొలుసుకట్టుగా ఉన్న చిన్న చెరువులు, కుంటలు. వాటి మరమ్మతు భారం దశబంధదారులపై ఉండేది. కట్ట బాగుచేయకపోతే ఆ మాన్యం నిలవకూడదు. ఇవ్వడానికి, పనికి మధ్య ముడి ఇంత గట్టిగా ఉన్న ఏర్పాటు తర్వాతి కాలంలో మళ్ళీ కనబడదు. అలాగని దీనిని ఆదర్శంగా చిత్రించడం సరికాదు. చెరువు కట్టించగల స్తోమత ఎవరికుంది? దశబంధాలు ఎక్కువగా ఊరి పెద్దల చేతుల్లోనే ఉండేవి. మట్టి మోసినవారి పేరు శాసనంలో ఉండదు.

(హిందూపురం పక్కనే ఉన్న లేపాక్షి ఐతిహ్యం ఇక్కడ గుర్తుకు రాక మానదు. పెనుకొండ కోశాధికారి విరూపణ్ణ రాజు అనుమతి లేకుండా ఖజానా సొమ్ము గుడికి ఖర్చు పెట్టి, శిక్షకు ముందే తన కన్నులను తానే పెరికివేసుకున్నాడని కథ. నిజానిజాల మాట ఎలా ఉన్నా, సర్కారు సొమ్ము ఎవరి అనుమతితో ఎవరికి చేరాలన్న చింత ఈ ప్రాంతపు జనస్మృతిలో చాలా పాతదని ఆ కథ చెబుతుంది.)

ఇక కౌలు. అరబ్బీలో ‘కౌల్’ అంటే మాట, ఇచ్చిన మాట. పాళెగాండ్ర కాలపు స్థితిగతులను చెప్పే కైఫియతుల్లో ఊరు పాడుపడినప్పుడు కౌలు ఇచ్చి కాపులను రప్పించిన ప్రస్తావనలు తరచుగా వస్తాయి. బీడుపడిన నేలను సాగులోకి తెచ్చినవారికి మొదటి ఏట నామమాత్రపు పన్ను, తర్వాత ఏటేటా కొంచెం పెంచుతూ కొన్నేళ్ళకు పూర్తి పన్ను అన్నది సాధారణమైన కౌలు పద్ధతి. కౌలు ఇచ్చేవాడు పాలకుడు, లేదా అతని తరఫు అధికారి. పుచ్చుకొనేవాడు సాగుదారు. కాబట్టి ఆ కాలపు భాషలో కౌలు అంటే సాగు చేసేవానికి రాజ్యం ఇచ్చిన హామీ. నేటి తెలుగులో ‘కౌలు’ ఒక రైతు మరొక రైతుకు చెల్లించే గుత్త. ‘కౌలు రైతు’ అంటే సొంత భూమి లేక ఇతరుల భూమి చేసేవాడు. రాజ్యపు హామీకి పేరైన మాట, ఆ హామీ అందని మనిషికి విశేషణంగా ఎట్లా మిగిలిందో తెలియాలంటే మన్రో కాలానికి రావాలి.

పట్టాలోని పేరు

థామస్ మన్రో 1800 నుంచి 1807 వరకు దత్తమండలాలకు ప్రధాన కలెక్టరు. పాళెగాండ్రను అణచడం, భూమిని కొలిపించడం, మధ్యవర్తి లేకుండా ఒక్కొక్క రైతుతో సర్కారు నేరుగా శిస్తు నిర్ణయించుకొనే రైతువారీ పద్ధతిని నిలపడం ఆయన ఇక్కడ చేసిన పనులు. ఈ సీమలో ఆయన పేరు మీద పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారన్న మాట రాయలసీమ చరిత్ర చదివినవారికి కొత్త కాదు.

మన విషయానికి ముఖ్యమైనది 1807లో ఆయన చేసిన సిఫారసు. కొలత తర్వాత నిర్ణయించిన శిస్తు మోయలేనంతగా ఉందని, మొత్తం మీద 25 శాతం తగ్గించాలని ఆయన కోరాడు. బావుల నీటితోను, ఏరుల నుంచి ఎత్తిపోసుకొనే నీటితోను పండే భూములకు మరో 8 శాతం తగ్గించి మొత్తం 33 శాతం చేయాలన్నాడు. అయితే ఈ అదనపు తగ్గింపుకు ఒక షరతు పెట్టాడు. ఆ బావులను, కట్టలను సాగుదారులే తమ ఖర్చుతో బాగుచేసుకోవాలి. ఈ షరతు దశబంధపు వాసన గలదే. తీసుకోకుండా ఇవ్వడం, పనిని చూసి ఇవ్వడం అన్న పాత సూత్రాలు రెండూ ఇందులో ఉన్నాయి. కాని రాబడి తగ్గడానికి పై అధికారులు ఒప్పుకోలేదు. రైతువారీనే కొంతకాలం పక్కన పెట్టి ఊళ్ళను గుత్తకు ఇచ్చారు. 1820లో మన్రో మద్రాసు గవర్నరుగా వచ్చిన తర్వాతనే ఆ తగ్గింపు దత్తమండలాలకు దక్కింది. పదమూడేళ్ళ ఆలస్యం. సహాయం మంజూరుకు, అది చేతికి అందడానికి మధ్య కాలం గురించి ఈ సీమలో వినిపించే ఫిర్యాదు నిన్న మొన్నటిది కాదు.

రైతువారీతో వచ్చిన లోతైన మార్పు శిస్తు రేటులో లేదు, పట్టాలో ఉంది. ఏటేటా జమాబందీలో ఏ సర్వే నంబరుకు ఎవరు బాధ్యులో కరణం లెక్కల్లోకి ఎక్కింది. ఆ పేరు గలవాడు పట్టాదారు. రాజ్యానికి తెలిసిన రైతు అతడే. వానలు లేక పంట పోయిన ఏడు శిస్తులో వజా ఇచ్చినా, అది పట్టా మీద బాకీలో తగ్గేది. పట్టాదారు దగ్గర గుత్తకు తీసుకొని దున్నినవానికి, పాలుకు చేసినవానికి ఆ వజాలో వాటా రావాలన్న నియమం లేదు. అతని పేరు లెక్కలో లేదు గనుక అతని నష్టమూ లెక్కలో లేదు. సర్కారు ఇచ్చే కౌలు అక్కర తగ్గుతూ వచ్చింది. పట్టాదారు ఇచ్చే కౌలు మిగిలింది.

ఇక్కడ రెండు మాటలను పక్కపక్కన పెట్టి చూడాలి. సాగుదారుకు తెలుగులో పాతమాట ‘కాపు’. అది ‘కాచు’ క్రియకు చెందిన మాట. నేలను, పంటను కాచేవాడు కాపు. ‘రైతు’ అరబ్బీ ‘రఅయ్యత్’ నుంచి వచ్చింది. కాపరి చేతికింది మంద అని దాని మూలార్థం, పాలకుని కింది ప్రజ అని వ్యవహారార్థం. కాపులో కాచేవాడు సాగుదారు. రైతులో కాచేవాడు పాలకుడు, సాగుదారు కాచబడేవాడు. సబ్సిడీకి మనం తెలుగులో వాడే ‘రాయితీ’ కూడా ఆ అరబ్బీ ధాతువుదే. ‘రియాయత్’ అంటే కాచుకొనడం, దయ చూపడం. రైతుకు రాయితీ అన్న పదబంధంలో రెండు మాటలకూ మూలం ఒకటేనన్న సంగతి వాడుకలో మరుగున పడిపోయింది.

బలం చేకూర్చే అప్పు

‘తక్కావి’ మూలం కూడా అరబ్బీయే. బలం చేకూర్చడం దాని అర్థం. విత్తనాలకు, ఎద్దులకు, బావులకు సర్కారు ముందుగా ఇచ్చే సొమ్ము అది. కుంఫిణీకి ముందు పాలకులూ ఇచ్చారు, కుంఫిణీ కలెక్టర్లూ ఇచ్చారు. పేరుకు బలమే గాని రూపానికి అప్పు. శిస్తుతో పాటు తిరిగి కట్టాలి.

1876-78 నాటి ధాత కరువు ఈ సీమను కుదిపివేసింది. అప్పటికి అనంతపురం ప్రత్యేక జిల్లా కాదు. బళ్ళారి నుంచి విడిపోయి 1882లో ఏర్పడింది. కరువు కాలంలో సర్కారు ఇచ్చింది ఎక్కువగా కూలి. రోడ్డుకు కంకర కొట్టినవారికి, చెరువుల పూడిక తీసినవారికి గింజల కొలతతో లెక్కకట్టిన కూలి. రిచర్డ్ టెంపుల్ దానిని రోజుకు ఒక పౌను ధాన్యం స్థాయికి కుదించడం కరువు చరిత్రలో చెరగని మచ్చ. ఇక్కడ ఒక విషయాన్ని గుర్తించాలి. కరువు పనికి వచ్చినవాని పేరు పట్టాలో ఉందా లేదా అని ఎవరూ అడగలేదు. పని చేస్తే కూలి. ఆ కూలి ఎంత క్రూరంగా తక్కువైనా అది భూమి ఉన్నవారికీ లేనివారికీ ఒకే లెక్క. 1950ల తొలినాళ్ళ కరువులో వెలిసిన గంజి కేంద్రాలకూ ఇదే వర్తిస్తుంది.

కరువు కమిషను తర్వాత వచ్చిన రెండు చట్టాలు తక్కావికి శాసన రూపం ఇచ్చాయి. బావులు, కట్టలు వంటి శాశ్వతాభివృద్ధికి 1883 నాటి భూమి అభివృద్ధి రుణాల చట్టం. విత్తనాలు, పశువులు, ఆపదలకు 1884 నాటి వ్యవసాయదారుల రుణాల చట్టం. చెల్లించకపోతే శిస్తు బకాయి లాగానే వసూలు చేసే అధికారం సర్కారుకు ఉంది. భూమి హామీ చూపగలవారికే ఈ అప్పు పుట్టడం సహజం. హిందూపురం, పెనుకొండ ప్రాంతాలు ప్రధానంగా ఎర్ర నేలలు, కపిల బావుల సేద్యం. అందువల్ల ఇక్కడ బావి తక్కావికి ప్రాధాన్యం ఉండేది. బావిలో నీరు పడకపోయినా అప్పు అప్పే. పల్లెల్లో తక్కావి అన్న మాట ఇచ్చినప్పటి కంటె జప్తు వచ్చినప్పుడే ఎక్కువగా వినబడి ఉంటుందని నా అభిప్రాయం. మూలార్థం ఎంత ఉదాత్తమైనా మాట చివరకు అనుభవపు రంగే పులుముకుంటుంది.

దశబంధాల కథ ఈలోగా వేరే దారి పట్టింది. 1858లో ఏర్పడిన ఇనాం కమిషను మాన్యాలన్నిటినీ తరచి చూసింది. ఎన్నో ఇనాములు నామమాత్రపు శిస్తుతో సొంత ఆస్తులుగా స్థిరపడ్డాయి. చెరువు సేవకు కట్టుబడిన దశబంధాలు షరతుతో మిగిలినా, ఆ షరతును అమలు చేయించేవారు కరువయ్యారు. 1956 నాటి ఇనాముల రద్దు చట్టంతో పద్ధతే ముగిసింది. పని పోయింది, భూమి పేరు మీద మిగిలింది.

ఇవ్వడం నుంచి ‘పడటం’ వరకు

ఇరవయ్యో శతాబ్ది ద్వితీయార్ధంలో ఈ సీమ మెట్ట భూములను వేరుశనగ ఆక్రమించింది. జొన్న, కొర్ర, ఉలవ వెనక్కి తగ్గాయి. జిల్లా సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల లోపు మాట. దేశంలో ఎడారి అభివృద్ధి కార్యక్రమం కిందికి వచ్చిన ఆంధ్రప్రదేశ్ జిల్లా ఇదొక్కటే. అటువంటి చోట చిరుధాన్యం తిండిపంట. వేరుశనగ అమ్ముడు పంట. పెట్టుబడి ముందే పెట్టాలి, వాన తర్వాత రావాలి. ఈ కాలంలో రైతుకు సర్కారు చేసిన సహాయం కూడా పెట్టుబడి చుట్టూ తిరిగింది. రాయితీ విత్తనం, రాయితీ ఎరువు, రాయితీ కరెంటు. కదిరి పరిశోధన స్థానం నుంచి వచ్చిన కె6 విత్తన కాయల కోసం తొలకరికి ముందు పాసుపుస్తకం చేత పట్టుకొని వరుసలో నిలబడటం ఈ ప్రాంతపు వార్షిక దృశ్యమైంది.

హిందూపురానికి 1985 నుంచి వరుసగా మూడుసార్లు శాసనసభ్యుడైన ఎన్.టి. రామారావు ప్రభుత్వం మోటారుకు గుర్రపుశక్తి ఒక్కింటికి ఏడాదికి 50 రూపాయల లెక్కన కరెంటు ఇచ్చింది. 2004లో వై.యస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం దానిని ఉచితం చేసింది. బోరు ఉన్నవానికే ఈ లాభం. బోర్లు పెరిగిన కొద్దీ నీరు దిగిపోయి, వేసిన బోరు మీద బోరు వేయవలసి వచ్చింది. అందుకే 2003లో మొదలైన సూక్ష్మసేద్య పథకపు డ్రిప్పు రాయితీని ఇదే నేలకు రెండో చికిత్సగా చూడాలి. రామారావు ప్రభుత్వమే 1984 జనవరిలో కరణాల వ్యవస్థను రద్దుచేసింది. పేరు రాసే చేయి మారింది. రాసే గడులు మారలేదు.

పంట పోయిన తర్వాత వచ్చే సొమ్ముది మరో చరిత్ర. అధికార భాషలో దాని పేరు ‘ఇన్‌పుట్ సబ్సిడీ’, పత్రికల తెలుగులో ‘పెట్టుబడి రాయితీ’. వచ్చే పంటకు పెట్టుబడిగా ఇస్తున్నామని దాని భావం. పోయిన పంటకు పరిహారమని రైతు అర్థం చేసుకుంటాడు. ఈ రెండు అర్థాల తేడా చిన్నది కాదు. పరిహారమైతే నష్టమంతా లెక్కకు రావాలి. రాయితీ అయితే సర్కారు ఇచ్చినంత. 2015 నాటి విపత్తు సహాయ నియమాల ప్రకారం వర్షాధారపు పంటకు హెక్టారుకు 6,800 రూపాయలు, 2022లో 8,500 రూపాయలు, అదీ రెండు హెక్టార్లకు మించకుండా, పంట 33 శాతమైనా పోతేనే. కరువు ప్రకటన మండలం యూనిట్‌గా జరుగుతుంది. పంటల బీమా ఇంకో లెక్క. అందులో రైతు కట్టే ప్రీమియం ఉంది గనుక వచ్చేది దయ కాదు, హక్కు. కాని పల్లెలో ఈ రెంటినీ వేరుచేసి చూసేవారు తక్కువ. అన్నీ ‘సబ్సిడీ దుడ్లే’.

రెండు హెక్టార్ల పరిమితిని గురించి ఇక్కడే చెప్పాలి. 2008 నాటి కేంద్ర రుణమాఫీ అయిదెకరాల లోపు రైతులకు పూర్తిగాను, అంతకు మించినవారికి 75 శాతం కడితే 25 శాతంగాను వర్తించింది. డెల్టాలో అయిదెకరాల మాగాణి గలవాడు కలిగినవాడు. హిందూపురం దగ్గర పదెకరాల ఎర్ర చెలక గలవాడు పేదవాడు కావచ్చు. కరువు జిల్లాలకు 25 శాతం లేదా 20,000 రూపాయలు, ఏది ఎక్కువైతే అది అన్న సవరణ ఈ తేడాను కొంత గుర్తించిందే గాని సరిచేయలేదు. నేలను బట్టి రేటు నిర్ణయించిన మన్రో కాలపు తరగతుల పద్ధతి ఈ ఒక్క విషయంలో ఇంతకంటె వివేకవంతమైనది. ‘మాఫీ’ మాట కూడా గమనించదగినదే. దాని అర్థం క్షమించడం. తప్పు చేసినవానిని క్షమిస్తారు. వాన రాకపోవడం రైతు తప్పు కాదు. 2014 తర్వాత రాష్ట్ర పథకం ‘రుణ విముక్తి’ అన్న మాటను చేపట్టినా జనం నోట మాఫీయే నిలిచింది.

పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి ప్రారంభించింది. భూమి, నీరు, పన్నుల విషయంలో దానికి ప్రభుత్వం ఇచ్చిన వాటిని అధికార పత్రాలు ‘ప్రోత్సాహకాలు’ అంటాయి. హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టుకు బైవోల్టిన్ గూళ్ళు తెచ్చే రైతుకు కిలోకు ఇచ్చే 50 రూపాయలను కూడా ప్రోత్సాహకమే అంటారు. అదే మండలపు వేరుశనగ రైతుకు ఇచ్చేది మాత్రం రాయితీ. ఉత్పత్తి చేసినందుకు ఇస్తే ప్రోత్సాహం, నష్టపోయినందుకు ఇస్తే దయ. ప్రభుత్వ తెలుగు ఈ తేడాను ఎవరూ బోధించకుండానే పాటిస్తోంది.

నగదు బదిలీ వచ్చిన తర్వాత క్రియాపదం కూడా మారింది. శాసనాల్లో రాజు భూమిని ‘ఇచ్చెను’. కైఫియతుల్లో దొర కౌలు ‘ఇచ్చినారు’. తక్కావి ‘మంజూరు’ చేశారు. ఇప్పుడు దుడ్లు అకౌంట్లో ‘పడతాయి’. “దుడ్లు పడినాయా?” అన్నది హిందూపురం ప్రాంతపు సాధారణ సంభాషణ. ఇచ్చే కర్త వాక్యంలో నుంచి తప్పుకున్నాడు. ఈ సీమలో ఇదే క్రియ వానకూ వాడతారు. పడినప్పుడు సంతోషం, పడకపోతే ఎవరిని అడగాలో తెలియని స్థితి రెంటికీ సమానమే.

గడిలో లేనివారు

2018 మే 10న తెలంగాణలో మొదలైన రైతుబంధు, 2019లో వచ్చిన కేంద్రపు పీఎం-కిసాన్, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 15న మొదలైన వైఎస్సార్ రైతు భరోసా ఒకే కాలపు పథకాలు. నష్టంతో గాని పనితో గాని సంబంధం లేకుండా, రైతు అయినందుకే సొమ్ము ఇవ్వడం వీటిలోని కొత్తదనం. రైతుబంధు ఎకరాకు పంటకాలానికి 4,000 రూపాయలతో మొదలైంది. పీఎం-కిసాన్ ఏడాదికి 6,000. రైతు భరోసా ఆ ఆరువేలతో కలిపి 13,500. 2025 ఆగస్టు 2న తొలి విడత విడుదలైన అన్నదాత సుఖీభవ కేంద్ర సొమ్ముతో కలిపి 20,000. ప్రభుత్వాలు మారినప్పుడు పేరూ మొత్తమూ మారాయి గాని ప్రాథమికమైన ప్రశ్న మారలేదు. రైతు అంటే ఎవరు?

కేంద్ర పథకం భూమి రికార్డులో పేరున్న కుటుంబాన్నే రైతు అంటుంది. రైతుబంధు పట్టాదారు పాసుపుస్తకాన్ని ఆధారం చేసుకుంది. రెండు చోట్లా కౌలుదారుకు తావు లేదు. రైతు భరోసా ఈ విషయంలో ఒక అడుగు ముందుకు వేసింది. సొంత భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలు రైతులకు రాష్ట్రం తన నిధులతోనే ఆ సొమ్ము ఇస్తామంది. కాని అందుకు కౌలుదారునన్న రుజువు కావాలి. కౌలు రైతులను గుర్తించి నమోదు చేయవలసిన అవసరాన్ని జయతీ ఘోష్ అధ్యక్షతన ఏర్పడిన రైతు సంక్షేమ కమిషను 2005 నాటికే చెప్పింది. 2011 చట్టం రుణ అర్హత కార్డులు తెచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2019 పంట సాగుదారు హక్కుల చట్టం హక్కు పత్రాన్ని ఇస్తుంది. దానికి భూయజమాని సంతకం ఉండాలి. పత్రం 11 నెలలు చెల్లుతుంది.

సంతకం దగ్గరే కథ ఆగిపోతుంది. సంతకం పెడితే భూమి మీద కౌలుదారుకు హక్కు వస్తుందేమోనని యజమాని భయం. పంటరుణం, బీమా, పెట్టుబడి రాయితీ తన పేరు మీద రావడం ఆగుతుందేమోనన్న లెక్క కూడా లేకపోలేదు. సంతకం అడిగితే వచ్చే ఏడు భూమి దక్కదేమోనని కౌలుదారు భయం. అందువల్ల కౌలు ఎక్కువగా నోటిమాట మీదనే నడుస్తోంది. ‘కౌల్’ అంటే నోటిమాటే గదా అనవచ్చు. కాని పూర్వం ఆ మాట ఇచ్చింది రాజ్యం, ఇప్పుడిచ్చేది పొరుగువాడు. ‘భరోసా’ అనే హిందూస్థానీ మాటకు అర్థం హామీ, నమ్మకం. కౌలుకు పూర్వం ఉన్న అర్థం కూడా దాదాపు అదే. ఒకే భావానికి రెండు మాటలు. ఒకటి పథకం పేరులోకి వచ్చింది, మరొకటి ఆ పథకం తలుపు దగ్గర నిలబడినవాని పేరులో ఉంది. ఇంటిలో భూమి మగవారి పేరున ఉండగా కలుపు తీసి, కాయ ఒలిచే స్త్రీలు కూడా ఆ తలుపు దగ్గరే ఉన్నారు. వారికి విశేషణం కూడా లేదు.

ఆశ్చర్యకరమైన సంగతి ఏమంటే పేరు రాయడానికి చోటు లేక ఇది జరగలేదు. గ్రామ లెక్కల్లో ఏ పొలంలో ఏ పంట ఉందో చెప్పేది అడంగల్. మద్రాసు రాజధాని కాలం నుంచి తమిళ పేరుతోనే మనకు మిగిలిన రిజిస్టరు అది. అందులో పట్టాదారు గడి పక్కనే అనుభవదారు గడి ఉంది. భూమిని నిజంగా అనుభవిస్తున్నవాని పేరు అందులో రాయాలి. కరణం రాసిన కాగితం నుంచి కంప్యూటరుకు మారినప్పుడు కూడా ఆ రెండు గడులూ మారాయి. ఇప్పుడు ఈ-క్రాప్ నమోదులో సిబ్బంది పొలానికి వెళ్ళి పంటను ఫోటో తీసి, సాగుదారు పేరును చేర్చవలసి ఉంది. ఒక విధంగా ఇది మళ్ళీ పనిని చూసి నమోదు చేయడమే. కాని కౌలు పత్రం లేనిచోట అనుభవదారు గడిలో పట్టాదారు పేరే మళ్ళీ పడుతుంది. పూర్వపు కౌలు ఏటేటా పన్ను పెంచుతూ కొన్నేళ్ళ గడువు ఇచ్చేది. నేటి హక్కు పత్రం గడువు 11 నెలలు. జూన్‌లో పదునుకు విత్తనం వేసే వేరుశనగ రైతు వచ్చే తొలకరి నాటికి మళ్ళీ సంతకం కోసం అదే గుమ్మం ఎక్కాలి.